పొంచి వినే స్విచ్: ఐజీఎంపీ స్నూపింగ్ చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

స్థానిక కంప్యూటర్ నెట్‌వర్కులలో మల్టీకాస్ట్ ప్రసారాన్ని అదుపు చేయడానికి స్విచ్‌లు అనుసరించే పద్ధతిని ఐజీఎంపీ స్నూపింగ్ అంటారు. తనను ఉద్దేశించని సందేశాలను స్విచ్ పొంచి విని, ఏ పోర్టు వెనుక ఎవరికి ఏ ప్రసారం కావాలో నిర్ణయించుకోవడం దీని సారాంశం. ఈ పద్ధతి ఏ అవసరం నుంచి పుట్టింది, దానికి పోటీగా వచ్చిన ప్రామాణిక పద్ధతి ఎందుకు నిలవలేదు, ఏ ప్రామాణిక సంస్థా ముందుగా రూపొందించని ఒక ఉపాయం చివరకు ప్రమాణాలనే ఎలా మార్చింది అనే అంశాలను 1985 నుంచి 2013 వరకు ఉన్న ఆధారాలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేడు స్విచ్ అమరికలో కనిపించే ఐచ్ఛికాలు ఆయా చారిత్రక సందర్భాల అవశేషాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మల్టీకాస్ట్, ఐజీఎంపీ, స్నూపింగ్, ఈథర్‌నెట్ స్విచ్, క్వెరియర్, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఒక సంస్థలో నిఘా కెమెరాల దృశ్యాలో, తరగతి గదులకు చేరే వీడియో పాఠాలో మల్టీకాస్ట్ పద్ధతిలో ప్రసారమవుతున్నాయనుకుందాం. నెట్‌వర్కు మీద భారం తగ్గించడానికి నిర్వాహకుడు స్విచ్‌లో స్నూపింగ్‌ను ప్రారంభిస్తాడు. దృశ్యం మరి కొన్ని నిమిషాలు సవ్యంగా నడిచి, ఆ తరువాత అన్ని తెరల మీదా ఆగిపోతుంది. తీగ తెగలేదు, పరికరం చెడలేదు. స్నూపింగ్‌ను తీసివేస్తే దృశ్యం తిరిగి వస్తుంది. నెట్‌వర్కు నిర్వాహకులకు సుపరిచితమైన ఈ అనుభవానికి పరిష్కారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: క్వెరియర్‌ను కూడా ప్రారంభించాలి. అయితే ఆ పరిష్కారం ఎందుకు అవసరమైందో తెలియాలంటే సాంకేతిక వివరణ ఒక్కటే చాలదు, చరిత్ర కూడా కావాలి.

ఈ చరిత్రకు ప్రధాన ఆకరాలు ఆర్‌ఎఫ్‌సీలు. ఇంటర్నెట్ సాంకేతిక నిర్ణయాలను నమోదు చేసే ఈ పత్రాలకు సంఖ్య, తేదీ ఉంటాయి. ఒకసారి ప్రకటించిన పత్రాన్ని దిద్దరు. అభిప్రాయం మారితే కొత్త సంఖ్యతో కొత్త పత్రం వెలువడుతుంది. అందువల్ల విడిచిపెట్టిన ఆలోచనలు కూడా వాటి కాలక్రమంతో సహా నిలిచి ఉంటాయి. చరిత్ర పరిశోధకులకు ఇంత అనుకూలమైన ఆకరాలు అరుదు.

2. స్విచ్ లేని కాలంలో పుట్టిన నియమాలు

1973లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించిన ఈథర్‌నెట్‌లో అన్ని కంప్యూటర్లూ ఒకే తీగను పంచుకునేవి. ఒకరు పలికితే అందరికీ వినిపించేది. ఎవరికి అవసరమైనది వారు స్వీకరించి, మిగిలినది వదిలివేసేవారు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రకటించిన నిర్దేశంలో చిరునామాకు 48 బిట్లు కేటాయించారు. ఆ చిరునామా ఒక కంప్యూటర్‌దా, ఒక సమూహానిదా అన్నది తెలపడానికి ఒక బిట్‌ను ప్రత్యేకించారు. కాబట్టి ఒకే తీగ ఉన్నంతవరకు సమూహ ప్రసారం సహజమైన విషయమే.

తీగలు వేరువేరై, వాటి నడుమ రౌటర్లు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ షెరిటన్ పరిశోధక బృందం 'వీ' అనే వికేంద్రీకృత ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేస్తున్న కాలంలో ఆయన విద్యార్థి స్టీవ్ డీరింగ్ ఈ సమస్యను చేపట్టాడు. వారిద్దరూ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 966 1985 డిసెంబరులో వెలువడింది. 1986లో ఆర్‌ఎఫ్‌సీ 988, 1988లో ఆర్‌ఎఫ్‌సీ 1054 ఆ ఆలోచనను సవరించాయి. 1989 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1112 దానిని స్థిరపరిచింది. డీరింగ్ పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం 1991 నాటిది.

ఈ నమూనాలోని మౌలిక భావన ఇది: సమూహానికి ఒక చిరునామా ఉంటుంది, సభ్యుల పట్టిక మాత్రం ఎక్కడా ఉండదు. పంపేవారికి వినేవారు ఎవరో తెలియనక్కరలేదు. వినదలచినవారు ఎప్పుడైనా చేరవచ్చు, ఎప్పుడైనా వైదొలగవచ్చు. 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు గల చిరునామాలు ఇందుకు కేటాయించబడ్డాయి. రౌటర్ తెలుసుకోవలసింది ఒక్కటే: ఈ తీగ మీద ఈ సమూహానికి కనీసం ఒక్క సభ్యుడైనా ఉన్నాడా?

ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికి ఏర్పడినదే ఐజీఎంపీ. రౌటర్ నిర్ణీత వ్యవధిలో ఒక ప్రశ్న వేస్తుంది. ప్రతి సభ్యుడూ వెంటనే బదులివ్వక, గరిష్ఠంగా 10 సెకన్లకు లోబడి యాదృచ్ఛికంగా ఎంచుకున్న సమయం వరకు ఆగుతాడు. ఈలోగా అదే సమూహానికి మరొకరు బదులిస్తే, ఆ బదులు తనకూ వినిపిస్తుంది కనుక తాను మౌనం వహిస్తాడు. వందమంది సభ్యులున్నా సాధారణంగా ఒకటి రెండు సమాధానాలతో పని పూర్తవుతుంది. అందరూ అందరి మాటా వినే తీగ మీద ఇది చక్కని పొదుపు.

ఈ సంభాషణలో పాల్గొనేవారు ఇద్దరే: ప్రశ్నించే రౌటర్, బదులిచ్చే కంప్యూటర్. వారిద్దరి నడుమ నిలబడి, ఏ మాట ఎవరికి చేరాలో నిర్ణయించే మూడవ పరికరం ఈ నియమాలలో లేదు. తరువాతి చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

3. చిరునామాలో తగ్గిన 5 బిట్లు

సమూహ చిరునామాలో మారగల భాగం 28 బిట్లు. దానిని ఈథర్‌నెట్ చిరునామాలోకి మార్చేటప్పుడు చివరి 23 బిట్లను మాత్రమే తీసుకోవాలని ఆర్‌ఎఫ్‌సీ 1112 నిర్దేశించింది. మిగిలిన 5 బిట్లు లోపించడం వల్ల 32 సమూహాలకు ఒకే ఈథర్‌నెట్ చిరునామా వస్తుంది. ఉదాహరణకు 224.1.1.1, 239.129.1.1 అనే రెండు వేర్వేరు సమూహాలు ఈథర్‌నెట్ స్థాయిలో ఒకటే అవుతాయి.

ఈ పరిమితికి కారణంగా ఒక కథనం ప్రచారంలో ఉంది. 28 బిట్లూ ఇమడాలంటే 16 చిరునామా శ్రేణులు కొనవలసి ఉండగా, ఒక్కొక్కటి 1000 డాలర్లు కావడంతో ఒకదానికే సొమ్ము దొరికిందని, అందులోనూ సగమే మల్టీకాస్ట్‌కు కేటాయించారని ఆ కథనం చెబుతుంది. ఇది మౌఖికంగా, పాఠ్యగ్రంథాల ద్వారా వ్యాపించిన కథనమే తప్ప ఆర్‌ఎఫ్‌సీలలో నమోదైన విషయం కాదు. కథనం విశ్వసనీయత ఎలా ఉన్నా దాని ఫలితం మాత్రం నిర్వివాదం. ఈథర్‌నెట్ చిరునామా ఆధారంగా మాత్రమే పనిచేసే స్విచ్‌కు ఆ 32 సమూహాల మధ్య భేదం తెలియదు.

4. స్విచ్ రాక: పరిష్కారంతో పాటు వచ్చిన సమస్య

1980లలో తీగలను కలిపే బ్రిడ్జిలు వచ్చాయి. వచ్చిన ప్రతి ఫ్రేమ్‌లో పంపినవారి చిరునామాను చూసి, ఆ కంప్యూటర్ ఏ వైపున ఉందో బ్రిడ్జి తనంతట తాను నేర్చుకుంటుంది. బ్రిడ్జిల మధ్య వలయాలు ఏర్పడి ఫ్రేమ్‌లు అంతులేకుండా తిరగకుండా రాడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి 1985లో ప్రచురితమైంది. 1990 ప్రాంతంలో 'కల్పన' అనే అమెరికన్ సంస్థ అనేక పోర్టులున్న తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను విపణిలోకి తెచ్చింది. భారతీయ మూలాలు గల వినోద్ భరద్వాజ్ ఆ సంస్థ స్థాపకులలో ఒకరు. 1994లో సిస్కో ఆ సంస్థను కొనుగోలు చేసింది.

స్విచ్ నేర్చుకునే పద్ధతిలో ఒక లోపం ఉంది. అది పంపినవారి చిరునామాను చూసి నేర్చుకుంటుంది. సమూహ చిరునామా ఎన్నడూ పంపినవారి స్థానంలో కనిపించదు, గమ్యస్థానంలోనే ఉంటుంది. కాబట్టి సమూహం ఎక్కడుందో స్విచ్ ఎన్నటికీ నేర్చుకోలేదు. తెలియని గమ్యానికి వచ్చిన ఫ్రేమ్‌ను అన్ని పోర్టులకూ పంపడం దాని నియమం. ఫలితంగా ఇద్దరి మధ్య సాగే సంభాషణను ఆ ఇద్దరికే పరిమితం చేసిన స్విచ్, మల్టీకాస్ట్‌ను మాత్రం అడగనివారి మీద కూడా కుమ్మరించింది.

ఈ లోపం ప్రాముఖ్యం సంతరించుకోవడానికి మల్టీకాస్ట్ వాడకం పెరగాలి. 1992 మార్చిలో శాన్ డియాగోలో జరిగిన ఐఈటీఎఫ్ సమావేశపు ధ్వనిని 20 ప్రాంతాలకు మల్టీకాస్ట్ ద్వారా ప్రసారం చేశారు. అక్కడి నుంచి ఎంబోన్ అనే ప్రయోగాత్మక నెట్‌వర్కు విస్తరించింది. 1994 నవంబరులో రోలింగ్ స్టోన్స్ సంగీత కచేరీలో కొంత భాగం దాని మీద ప్రసారమైంది. ధ్వని చిన్నది, వీడియో పెద్దది. ఒక్కొక్కటి సెకనుకు 4 మెగాబిట్లు గల మూడు వీడియో ప్రసారాలు నెట్‌వర్కులో ఉంటే, ఆనాటి 10 మెగాబిట్ల పోర్టు వాటితోనే నిండిపోతుంది. వాటిలో ఒక్కటీ అడగని కంప్యూటర్ సైతం తన పని చేసుకోలేదు.

5. మూడు మార్గాలు

ఈ సమస్యకు 1990లలో మూడు రకాల పరిష్కారాలు వచ్చాయి.

5.1 రౌటర్ చెప్పడం: సిస్కో రూపొందించిన సీజీఎంపీ పద్ధతిలో, ఏ కంప్యూటర్ ఏ సమూహంలో చేరిందో రౌటర్ స్విచ్‌కు తెలియజేస్తుంది. స్విచ్‌కు పెద్దగా శ్రమ ఉండదు. అయితే ఇది ఒక సంస్థ సొంత పద్ధతి. రౌటర్, స్విచ్ రెండూ ఆ భాష మాట్లాడాలి.

5.2 కంప్యూటర్ చెప్పడం: ఐఈఈఈ సంస్థ 1998 నాటి 802.1డీ ప్రమాణంలో జీఎంఆర్‌పీ అనే పద్ధతిని చేర్చింది. ఇందులో కంప్యూటర్ నేరుగా స్విచ్‌కే తన అవసరం తెలుపుతుంది. సిద్ధాంతరీత్యా ఇదే సక్రమమైన మార్గం. అయితే ప్రతి కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ ఈ కొత్త భాష నేర్చుకోవాలి. ఐజీఎంపీ ద్వారా ఒకసారి చెప్పిన సంగతినే మరొకరికి మరోసారి చెప్పాలి. ఆ మార్పు విస్తృతంగా జరగలేదు.

5.3 ఎవరూ చెప్పకుండా వినడం: మూడవది స్నూపింగ్. కంప్యూటర్ రౌటర్‌తో చెప్పే మాట ఎలాగూ స్విచ్ మీదుగానే వెళుతుంది. దానిని స్విచ్ విప్పి చదివి, ఆ పోర్టును ఆ సమూహపు పట్టికలో చేర్చుకుంటుంది. కంప్యూటర్‌లో మార్పు లేదు, రౌటర్‌లో మార్పు లేదు.

మూడవ మార్గం నెట్‌వర్కు నిర్మాణ సూత్రాలకు విరుద్ధం. రెండవ పొరకు చెందిన స్విచ్ మూడవ పొరకు చెందిన విషయాన్ని చదవకూడదు. ఉత్తరాలు మోసే వ్యక్తి వాటిని విప్పి చూడకూడదన్నంత స్పష్టమైన నియమమిది. దానికి తోడు తొలినాటి స్విచ్‌లలో ఐజీఎంపీ సందేశాన్ని సాధారణ వీడియో ఫ్రేమ్ నుంచి వేరుచేయగల చిప్‌లు అన్నిటిలోనూ లేవు. అటువంటి స్విచ్‌లో మల్టీకాస్ట్ ఫ్రేమ్‌లన్నీ చిన్న ప్రాసెసర్ మీద పడి దానిని కుంగదీసేవి. చిప్‌ల సామర్థ్యం పెరిగాక ఈ అభ్యంతరం బలహీనపడింది. సూత్రరీత్యా సరైన మార్గానికి అందరి సహకారం కావాలి. సూత్రాన్ని ఉల్లంఘించిన మార్గానికి ఎవరి సహకారమూ అక్కరలేదు. స్నూపింగ్ విజయానికి ఈ తేడాయే ప్రధాన కారణం.

6. వినడంలోని చిక్కులు

ఇతరుల సంభాషణను పొంచి విని నిర్ణయాలు తీసుకునేవారికి, ఆ సంభాషణ తమ కోసం రూపొందలేదన్న సంగతి అడుగడుగునా అడ్డు తగులుతుంది. స్విచ్ అమరికలోని ఐచ్ఛికాలు ఈ అడ్డంకులకు ఒక్కొక్కటిగా వచ్చిన సమాధానాలు.

6.1 మర్యాదపూర్వక మౌనం: ఒకరు బదులిస్తే మరొకరు మౌనం వహించాలన్న నియమం రౌటర్‌కు చాలు, స్విచ్‌కు చాలదు. ప్రతి పోర్టు వెనుక సభ్యుడున్నాడో లేడో స్విచ్‌కు విడివిడిగా తెలియాలి. అందుకే స్నూపింగ్ చేసే స్విచ్‌లు ఒక కంప్యూటర్ సమాధానాన్ని ఇతర కంప్యూటర్లకు వినిపించకుండా, రౌటర్ ఉన్న పోర్టుకు మాత్రమే పంపడం మొదలుపెట్టాయి. తోటివారి మాట వినబడని ప్రతి కంప్యూటరూ తానొక్కటే ఉన్నానని భావించి బదులిస్తుంది. ఇందుకోసం రౌటర్ ఏ పోర్టు వెనుక ఉందో స్విచ్ గుర్తించాలి. ప్రశ్న వచ్చిన పోర్టును బట్టి అది గుర్తిస్తుంది, లేదా నిర్వాహకుడు స్వయంగా నిర్దేశిస్తాడు. అమరికలోని 'రౌటర్ పోర్టు' అనే ఐచ్ఛికం ఇక్కడి నుంచి వచ్చింది.

6.2 వీడ్కోలు: తొలి ఐజీఎంపీలో సభ్యుడు చెప్పకుండా వెళ్లిపోయేవాడు. 1997 నవంబరులో బిల్ ఫెన్నర్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 2236 రెండవ రూపాన్ని ప్రకటించి, వైదొలగే సందేశాన్ని చేర్చింది. ఆ సందేశం వచ్చాక ఇంకా ఎవరైనా మిగిలారా అని రౌటర్ సెకను వ్యవధితో రెండుసార్లు అడుగుతుంది. ఆ నిరీక్షణ కూడా లేకుండా పోర్టును వెంటనే తొలగించే 'తక్షణ నిష్క్రమణ' ఐచ్ఛికాన్ని స్విచ్ తయారీదారులు చేర్చారు. ఒక పోర్టుకు ఒకే పరికరం ఉన్నప్పుడు అది మేలు చేస్తుంది. ఆ పోర్టుకు మరో చిన్న స్విచ్ కలిపి రెండు టెలివిజన్లు పెడితే, ఒకటి చానెల్ మార్చగానే రెండవ దానిలో దృశ్యం ఆగిపోతుంది.

6.3 ప్రశ్నించేవారు లేకపోవడం: ఉపోద్ఘాతంలోని ఉదంతానికి సమాధానం ఇక్కడ లభిస్తుంది. స్విచ్ తన పట్టికలోని పోర్టును శాశ్వతంగా ఉంచదు. రెండవ రూపం ప్రకారం ప్రశ్నల మధ్య వ్యవధి 125 సెకన్లు. ఒక ప్రశ్న దారిలో పోయినా నష్టం లేకుండా దానిని రెండింతలు చేసి, బదులు గడువు 10 సెకన్లు కలిపితే 260 సెకన్లు. అంతకాలం సమాధానం రాకపోతే సభ్యుడు లేడని భావిస్తారు. మల్టీకాస్ట్ రౌటర్ లేని చిన్న నెట్‌వర్కులో ప్రశ్నించేవారే ఉండరు. ప్రసారం మొదలైనప్పుడు కంప్యూటర్ తనంతట తాను చెప్పిన తొలి మాటతో పోర్టు పట్టికలో చేరుతుంది. ఆపై ఎవరూ అడగరు కనుక కంప్యూటర్ బదులివ్వదు. గడువు తీరగానే స్విచ్ ఆ పోర్టును తొలగిస్తుంది. వీక్షకుడు తెర ముందే ఉంటాడు, స్విచ్ దృష్టిలో మాత్రం లేడు. రౌటర్ లేనిచోట స్విచ్చే ప్రశ్నించే బాధ్యత వహించేందుకు వచ్చినదే 'స్నూపింగ్ క్వెరియర్'. పొంచి వినేవాడే చివరకు సంభాషణను నడిపించవలసి వచ్చింది.

7. ప్రమాణం ఉపాయానికి తలవంచిన వేళ

2002 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3376 ఐజీఎంపీ మూడవ రూపాన్ని ప్రకటించింది. దాని రచయితలలో డీరింగ్, ఫెన్నర్ ఉన్నారు. మర్యాదపూర్వక మౌనం అనే నియమాన్ని ఈ పత్రం పూర్తిగా తొలగించింది. ఇకపై ప్రతి సభ్యుడూ విడిగా బదులివ్వాలి. అందుకు చెప్పిన కారణాలలో స్నూపింగ్ చేసే పరికరాల పని సులభం కావడం ఒకటి. 1989లో పొదుపుకు ఆధారమైన నియమం, దానిని రూపొందించిన వ్యక్తి భాగస్వామ్యంతోనే 2002లో రద్దయింది. ప్రమాణాలు ఆచరణను శాసిస్తాయన్న సాధారణ భావనకు ఇది విరుద్ధమైన సాక్ష్యం.

స్నూపింగ్ గురించి ఐఈటీఎఫ్ పత్రం 2006 మేలో ఆర్‌ఎఫ్‌సీ 4541గా వచ్చింది. అది ప్రమాణం కాదు, సమాచార పత్రం మాత్రమే. స్విచ్ తయారీదారులకు పంపిన ప్రశ్నావళికి వచ్చిన జవాబులను అందులో పట్టికగా ఇచ్చారు. ఒకే పేరుతో పిలుస్తున్న పద్ధతిని తయారీదారులు భిన్నంగా అమలు చేస్తున్నారని ఆ పట్టిక తెలుపుతుంది. 224.0.0 శ్రేణిలోని నియంత్రణ సందేశాలను అన్ని పోర్టులకూ పంపాలని, వీలైనచోట ఈథర్‌నెట్ చిరునామాకు బదులు ఐపీ చిరునామా ఆధారంగా నిర్ణయించాలని ఆ పత్రం సూచించింది. రెండవ సూచన మూడవ విభాగంలో చెప్పిన 23 బిట్ల పరిమితికి జవాబు.

ఐపీ ఆరవ రూపంలో ఈ విషయం మరింత కీలకమైంది. ఇందులో బ్రాడ్‌కాస్ట్ లేదు. పొరుగు కంప్యూటర్ చిరునామా కనుగొనడానికి కూడా మల్టీకాస్టే ఆధారం. దాని సభ్యత్వ సందేశాలను ఎంఎల్‌డీ అంటారు. వాటిని తప్పుగా పొంచి వినే స్విచ్ ఒక్క వీడియోనే కాదు, సాధారణ సంభాషణను సైతం ఆపివేయగలదు.

లినక్స్ చరిత్రలో ఈ కథ సంక్షిప్తంగా పునరావృతమైంది. 2010లో విడుదలైన లినక్స్ కెర్నెల్ 2.6.34లోని బ్రిడ్జికి స్నూపింగ్ చేర్చారు. అది మొదట తానే ప్రశ్నలు పంపేది. రౌటర్లకు అడ్డు రాకూడదని 0.0.0.0 చిరునామాతో పంపేది. ఆ ప్రశ్నలు కొన్ని ఇతర స్విచ్‌లను తికమక పెట్టడంతో 2012లో ముందస్తు అమరికను మార్చి ప్రశ్నించడం ఆపివేశారు. స్నూపింగ్ మాత్రం కొనసాగింది. అంటే వినేవాడు ఉండి అడిగేవాడు లేని స్థితి ముందస్తు అమరికగా మారింది. 2013లో మరొక సవరణ వచ్చింది: నెట్‌వర్కులో ప్రశ్నించేవారు ఎవరూ లేరని తెలిస్తే స్నూపింగ్ పట్టికను నమ్మకుండా ప్రసారాన్ని అన్ని పోర్టులకూ పంపాలి.

ఈ చివరి సవరణ చిన్నదే అయినా అందులోని వివేచన విలువైనది. అడిగినా బదులు రాకపోవడం వేరు, అసలు అడగకపోవడం వేరు. మొదటి మౌనం సభ్యుడు లేడనడానికి ఆధారం. రెండవది దేనికీ ఆధారం కాదు. ఆకరాల మౌనాన్ని అభావానికి నిదర్శనంగా తీసుకోరాదన్న సూత్రం చరిత్ర పరిశోధకులకు కొత్త కాదు. ఒక ప్రాంతంలో శాసనం దొరకకపోతే అక్కడ జనావాసం లేదని తేల్చేముందు, అక్కడ వెదికారా అని అడగడం వారి పద్ధతి. స్విచ్‌కు ఆ పద్ధతి నేర్పడానికి దశాబ్దానికి పైగా పట్టింది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఐజీఎంపీ నియమాలు అందరూ అందరి మాటా వినే ఉమ్మడి తీగను దృష్టిలో ఉంచుకొని ఏర్పడ్డాయి. స్విచ్ వచ్చాక ఆ భౌతిక పరిస్థితి మారింది, నియమాలు కొంతకాలం మారలేదు. స్నూపింగ్ ఆ అంతరంలో పుట్టింది.

2. జీఎంఆర్‌పీ ప్రమాణమై ఉండి కూడా వ్యాప్తి చెందలేదు. స్నూపింగ్ ప్రమాణం కాకపోయినా స్థిరపడింది. ఇతరుల సహకారం అక్కరలేని పద్ధతికి ఉండే అనుకూలత ఇందుకు ప్రధాన కారణం.

3. అనధికారికంగా మొదలైన ఉపాయం 2002 నాటికి అధికారిక నియమాన్నే మార్చింది.

4. రౌటర్ పోర్టు, తక్షణ నిష్క్రమణ, క్వెరియర్ అనే ఐచ్ఛికాలు యాదృచ్ఛికంగా చేరినవి కావు. ప్రతి ఒక్కటి ఒక నిర్దిష్టమైన లోపానికి, ఒక నిర్దిష్టమైన కాలంలో వచ్చిన సమాధానం.

సాంకేతిక విద్యలో ఈ అమరికలను ఆదేశాల జాబితాగా బోధించడం పరిపాటి. జాబితాను కంఠస్థం చేసిన విద్యార్థి దృశ్యం ఆగిపోయినప్పుడు స్నూపింగ్‌ను తీసివేస్తాడు. దాని చరిత్ర తెలిసిన విద్యార్థి ఈ నెట్‌వర్కులో ప్రశ్నించేది ఎవరని ముందుగా అడుగుతాడు.